కొసరుగా ఒక పుల్ల

ఎండుచేపల అప్ప పోయిందని నాకు బస్సు కండక్టరు చెప్పాడు. పాడేరులో బస్సెక్కి టికెట్టు తీసుకుంటుంటే, "మీ సేపలావిడ పోనాదంట కదా టీచరుగారూ, తెల్దా? నెల్లాళ్ళవుతాది," అని చిల్లర నా చేతిలో పెట్టి ముందుకెళ్ళిపోయాడు. నేను స్కూలు దగ్గర దిగడం మరచిపోయి, తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచాను. వానల్లో ఆవిడ రెండు మూడు వారాలు సంతకి రాకపోవడం మామూలే కాబట్టి ఈసారి కూడా అంతే అనుకున్నాను. మా అమ్మాయి వైజాగ్ వెళ్ళిపోయాక నాకు ఆవిడతో ప్రతివారం పని ఉండడం లేదు కూడా. నడుస్తుంటే గుర్తొచ్చింది, ఆవిడ పేరేమిటో నాకు తెలియదు. ఎనిమిదేళ్ళ పరిచయంలో అడగాలని తోచలేదు. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటాం. మొదటి రోజు అలా పిలిచాను, అదే ఉండిపోయింది.

నేను ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా ఊరు జి.మాడుగుల దాటాక వస్తుంది. శుక్రవారం సంత. అప్ప వారానికి ఐదు సంతలు తిరిగేది. ఆరో రోజు సముద్రం వైపు దిగిపోయి, సరుకు వేసుకుని, ఏడో రోజు మళ్ళీ కొండెక్కేది. మా సంతలో ఆవిడ చోటు పశువుల షెడ్డు పక్కన. రెండు గోనెలు పరిచి, ఒకదాని మీద నెత్తళ్ళు, రొయ్యపప్పు, ఉప్పుచేప ముక్కలు పోసి, రెండోదాని మీద తను కూర్చునేది. కాళ్ళకి మగవాళ్ళు ఆఫీసుకి వేసుకునే నల్ల మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు. చెప్పు పట్టడానికి మేజోడుని బొటనవేలి దగ్గర కత్తిరించేసేది. సుగరున్నవాళ్ళు వట్టి కాళ్ళతో నడవకూడదని ఎవరో డాక్టరు చెప్పాడట. ఎవరైనా చూసి నవ్వితే, "కాళ్ళు కప్పుకోమన్నాడు గానీ సీరకి మ్యాచింగు ఉండాలన్నేదు కదా," అనేది.

ఆవిడ పిసినారితనం సంతంతా తెలుసు. తూకం కచ్చితంగా ఉండేది, తప్పు పట్టడానికి లేదు. కానీ తూచాక పైన కాస్త కొసరు వేయడమన్నది ఆవిడకి చేతకాదు. వంకాయలవాడు రెండు వంకాయలు పైన పడేస్తాడు. మిరపకాయలావిడ గుప్పెడు వేస్తుంది. అప్ప దగ్గర సంచి అలాగే పట్టుకుని నిలబడితే, "కొసరేటి? సముద్రం నాకు కొసరేసిందేటి?" అనేది. నేనొకసారి పట్టుబట్టి అడిగాను. ఒక నెత్తల్ని, ఒక్కటంటే ఒక్కదాన్ని, తోక పట్టుకుని నా సంచిలో వదిలింది. పైగా, "లెక్కల టీచరమ్మవి కదా, లెక్కెట్టుకో," అంది.

అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం కొసరు వేసేది. సుగరున్నవాళ్ళు ఎవరైనా పావుకిలో చేపలు కొంటే, తూకం అయ్యాక బొడ్డులో దోపుకున్న చిన్న డబ్బా తీసి, "ఏలు పట్టు," అనేది. మనిషికో కొత్త సూదితో పొడిచి, నెత్తురు చుక్కని స్ట్రిప్పుకి అంటించి, మిషను చూపించిన అంకె చెప్పేది. స్ట్రిప్పు అనేది కాదు, పుల్ల అనేది. ఆ పుల్ల ఖరీదు పావుకిలో నెత్తళ్ళ మీద వచ్చే లాభం కన్నా ఎక్కువ. ఆ సంగతి నేను కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అందులో రొయ్యపప్పు పొట్లం కట్టి నాకే అమ్మింది.

మా అమ్మాయికి తొమ్మిదో ఏట సుగరు వచ్చింది. పిల్లలకి వచ్చే రకం. దానికి మాత్రలు పనిచేయవు, రోజూ ఇన్సులిన్ పొడవాలి, పొడిచే ముందు ప్రతిసారీ ఎంతుందో చూడాలి. ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైతే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ ఆసుపత్రిలో ఊరికే ఇచ్చేవారు. స్ట్రిప్పులు మేము కొనుక్కోవాలి. రోజుకి నాలుగు. డబ్బుల మాట అలా ఉంచి, కొందామంటే దొరకాలి కదా. ఇక్కడి మందుల షాపులో మా మిషనుకి పట్టని కంపెనీవి ఉండేవి, లేకపోతే గడువు దాటినవి ఉండేవి. ఫోన్లో ఆర్డరు పెడితే మా పిన్‌కోడ్ చూసి డెలివరీ లేదనేవారు. మా ఆయన డొంకరాయిలో పవర్‌హౌస్ ఉద్యోగి, పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. ఆయన ఉన్నచోట ఇంతకన్నా అడవి. నేను రోజుకి నాలుగుని మూడు చేశాను, తర్వాత మూడుని రెండు చేశాను. పిల్ల ముఖం చూసి, చెయ్యి పట్టుకు చూసి, భయపడుతూ ఇంజెక్షన్ చేసేదాన్ని.

ఒక శుక్రవారం చిల్లర తీస్తుంటే నా సంచిలోంచి ఖాళీ స్ట్రిప్పుల డబ్బా చేపల మీద పడింది. అప్ప తీసి తిప్పి చూసింది.

"ఇదెవలికి టీచరమ్మా? నీకా?"

పక్కనే నిలబడ్డ మా అమ్మాయిని చూపించాను. ఆవిడ తక్కెడ కింద పెట్టేసింది.

"ఓలమ్మో, ఈ గుంటకేటి? ఇంత బేగినా?" అంది. తర్వాత తన మిషను తీసి చూపించింది. మాదీ ఆవిడదీ ఒకే కంపెనీ. "నీకూ మిసను ఊరకనే ఇచ్చినాడా?"

"మొదటి డబ్బా కొంటే ఉచితమన్నాడు."

"నాకూ అలగే అన్నాడు. గేలానికి డబ్బులడుగుతాడేటి? దొరికినాక మనవే కదా సేపలం," అని పెద్దగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ జబ్బు గురించి నేను నవ్వడం అదే మొదటిసారి.

అప్పటినుంచి మా స్ట్రిప్పులు చేపల గంపలో కొండెక్కేవి. నేను శుక్రవారం డబ్బులిస్తే తర్వాతి శుక్రవారం డబ్బాలు తెచ్చేది. వైజాగ్‌లో ఒక హోల్‌సేల్ మందుల షాపువాడిని ఎలా లొంగదీసిందో నాకు ఇప్పటికీ తెలియదు, నేను కొన్నదానికన్నా తక్కువకి తెచ్చేది. తను ఎవరికీ వేయని కొసరు అక్కడ మాత్రం దబాయించి అడిగేదట. సూదుల పొట్లమో, దూది చుట్టో తీసుకోకుండా షాపు మెట్లు దిగేది కాదట. ఆ దూది మాకిచ్చి, "మీ గుంటకి, నా కట్నం," అనేది. డబ్బాల నిండా ఉప్పుచేప వాసన. మా ఆయన సెలవుకి వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకునేవాడు.

ఆవిడకీ మా అమ్మాయికీ ఒక పందెం ఉండేది. పొడిచే ముందు ఇద్దరూ అంకె చెప్పాలి. ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. "ఆకలేత్తందా? ఏళ్ళు సల్లగున్నాయా? కళ్ళు మసకేత్తన్నాయా? ఆలోసించి సెప్పు, ఊరకనే కూసీకు," అని పిల్లని ముందు తన ఒంటి మాట వినమనేది. మొదట్లో మా అమ్మాయి నోటికొచ్చిన అంకె చెప్పి ఓడిపోయేది. ఏడాది తిరిగేసరికి పది అటూ పది ఇటూలో చెప్పేయడం మొదలుపెట్టింది. నాకు ఇదంతా సంత వేషాల్లా కనిపించేది. మిషను ఉండగా ఊహలెందుకు అనుకునేదాన్ని.

తన విషయానికొస్తే ఆవిడ ఏమంత బుద్ధిమంతురాలు కాదు. సంతలో వేడి జిలేబీ వేస్తే ఒక చుట్ట తినేది. ఆ రోజు పొడుచుకునేది కాదు. అడిగితే, "ఎంతుంటాదో నాకు తెలుసు, దానికీ తెలుసు. మద్దెన పుల్ల దండగ," అనేది.

ఐదేళ్ళ కిందటి వానలు. ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి బస్సులు ఆగిపోయాయి. అప్ప కూడా కిందికి దిగలేక మా ఊళ్ళోనే చిక్కుకుంది. సంత షెడ్డు వెనక ఒక గది తీసుకుని, తడి తగిలిన చేపల్ని కాపాడుకుంటూ కూర్చుంది. దగ్గరి సంతలకి జీపు దొరికితే వెళ్ళొచ్చేది. పది రోజులు గడిచాయి. మా దగ్గర స్ట్రిప్పులు అయిపోయాయి. ఆ సంగతి తెలిసి ఆవిడే గొడుగేసుకుని స్కూలుకి వచ్చింది. తన డబ్బాలో మిగిలినవాటిలో నాలుగు ఉంచుకుని పది మా అమ్మాయి చేతిలో పెట్టింది. "రోడ్డు పడినాక కొత్తవి తెత్తాను. అంతవరకూ ఇయ్యి సర్దుకోండి," అంది. నేను ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ముందు మా అమ్మాయి పొడుచుకుంది. "నూట ఇరవై ఉంటుందమ్మా," అంది అలవాటుగా. మిషను మూడు వందల నలభై చూపించింది. "అంత లేదమ్మా, నాకు బాగానే ఉంది," అంది మళ్ళీ. నేను వినలేదు. అంకెకి తగ్గట్టు ఇన్సులిన్ పెంచి పొడిచి క్లాసుకి పంపాను. గంటన్నరకి ఎనిమిదో తరగతి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. వెళ్ళేసరికి మా అమ్మాయి బెంచీ మీద తలవాల్చి ఉంది. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. మళ్ళీ పొడిచాను. రెండు వందల తొంభై.

నా జన్మలో అంత అయోమయం ఎరగను. మిషను చెప్పేది నిజమైతే పంచదార ఇస్తే విషం ఇచ్చినట్టు. పిల్ల ఒళ్ళు చెప్పేది నిజమైతే ఇవ్వకపోతే పోతుంది. "మిషను తప్పమ్మా, పంచదార ఇయ్యి," అంటోంది, మాట ముద్దముద్దగా వస్తోంది. అప్పుడేం తోచిందో నా వేలు నేనే పొడుచుకున్నాను. నాకు సుగరు లేదు. మిషను రెండు వందల డెబ్భై చూపించింది.

వంటగదిలోంచి పంచదార తెప్పించి నీళ్ళల్లో కలిపి పట్టాను. పావుగంటకి పిల్ల కళ్ళు తెరిచి నా వైపు సరిగ్గా చూసింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

సాయంత్రం స్కూలు వదలగానే మా అమ్మాయిని వెంటబెట్టుకుని అప్ప గదికి వెళ్ళాను. గదిలో కుంపటి మీద రేకు వేసి ఉంది. రేకు మీద నెత్తళ్ళు ఆరబోసి ఉన్నాయి. నెత్తళ్ళ పక్కన, వేడి సమంగా తగిలేటట్టు వరసగా పేర్చి, నాలుగు స్ట్రిప్పులు.

అడగాల్సిన పని లేకపోయినా అడిగాను. "ఇదేంటి?"

"మూత వదులైపోయి మంచు తగిలీసినాది టీచరమ్మా. ముక్కిపోతాయని అన్నీ ఇలగే ఆరబెట్టినాను. మీకిచ్చినవీ ఆరబెట్టే ఇచ్చినాను," అంది. ముప్పై ఏళ్ళుగా తడి తగిలిన ప్రతిదాన్నీ ఆవిడ అలాగే కాపాడింది. తేమకి పాడైనవి వేడికి ఇంకా పాడవుతాయని ఆవిడకి ఎవరు చెప్పారు? ఇప్పుడైతే ఇలా అనగలుగుతున్నాను. ఆ రోజు అనలేకపోయాను. ఊరంతా వినేటట్టు కేకలేశాను. నా పిల్లని చంపేసేదానివి అన్నాను. ధర్మం చేస్తున్నానని పొంగిపోతూ ఊళ్ళమీద పడి పొడుస్తున్నావు అన్నాను. ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగి, "ఎలగున్నావు గుంటా?" అంది.

"బాగానే ఉన్నాను అప్పా."

"వీటితో ఇంకా ఎంతమందికి పొడిచావో వాళ్ళందరికీ వెళ్ళి చెప్పు," అన్నాను నేను. "ఇప్పుడే వెళ్ళు. వాళ్ళకేమైనా అయితే నీదే పాపం."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఐదుగురు," అంది.

ఆ శుక్రవారం ఆవిడ గోనె పరిచింది గానీ చేపలు పోయలేదని విన్నాను. వచ్చినవాళ్ళని వచ్చినట్టు పిలిచి, నలుగురూ వింటుండగా, "నాను సెప్పిన అంకె తప్పు. మాత్ర ఎక్కువ మింగితే మానీయండి, ఆసుపత్రికెల్లి సూపించుకోండి," అందట. ఒకాయన తిట్టాడట. నేను సంతకి వెళ్ళలేదు. రోడ్డు పడ్డాక మూత సీలు విప్పని డబ్బాలు కండక్టరు చేత పంపింది. డబ్బులు కండక్టరు చేతే పంపాను. ఇలా నెలన్నర గడిచాక మా అమ్మాయి నన్ను చెయ్యి పట్టుకుని సంతకి లాక్కెళ్ళింది.

మమ్మల్ని చూడగానే అప్ప కొత్త డబ్బా తీసి మూత విప్పి, "ఏలు పట్టు టీచరమ్మా," అంది.

"నాకెందుకు?"

"నీకు సుగర్లేదు కదా. నీకు తొంబై, నూరు సూపిత్తే పుల్లలు మంచియ్యి. తక్కెడకి తూకంరాయి ఉండక్కర్నేదేటి? ఈరోజు నుంచి నువ్వే నా తూకంరాయివి." పొడిచింది. తొంభై నాలుగు వచ్చింది. అప్పుడుగానీ మా అమ్మాయి వేలు ముట్టుకోలేదు. అప్పటినుంచి ఏ సంతలోనైనా డబ్బా కొత్తది విప్పితే ముందు ఎవరో ఒక ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి పట్టుకుని వాడి మీద ఒక పుల్ల ఖర్చుపెట్టేది. ఒక నెత్తల్ని తోక పట్టుకుని లెక్కపెట్టిన మనిషి.

ఆ రోజే చూశాను, ఆవిడ ఎడమ మేజోడు లోపల గుడ్డ కట్టు ఉంది. ఏమైందంటే, "సెప్పు కరిసేసినాది," అంది. "సుగరున్న మనిషివి, చూసుకో," అన్నాను. "సూసుకుంతాను," అంది. ఆ కట్టు పోలేదు. మరుసటేడు బొటనవేలు తీసేశారు. చెప్పులు మానేసి బూట్లు వేసుకొచ్చి, "పోతే పోనాదిలే, పొడిసే ఏలు కాదు కదా," అని మా అమ్మాయిని నవ్వించింది. తర్వాత ఇంకో రెండు వేళ్ళు. అయినా జీపు వెనక కూర్చుని కొండెక్కడం మానలేదు. మా అమ్మాయి ఇంటర్‌కి వైజాగ్ వెళ్ళిన రోజు బస్సు దగ్గరికి వచ్చి, "అక్కడ పుల్లలు సందుసందునా దొరుకుతాయిలే. పందెం మాత్రం మానీకు," అంది.

కండక్టరు చెప్పిన తర్వాతి శుక్రవారం సంతకి వెళ్ళాను. పశువుల షెడ్డు పక్కన అప్ప కోడలు కూర్చుని ఉంది. నన్నెప్పుడూ చూడకపోయినా పోల్చుకుంది. కాలు పైదాకా పాకేసిందని, ఆసుపత్రిలో మోకాలి దాకా తీసేస్తామంటే ఒప్పుకోలేదని, నాలుగు రోజుల్లో అయిపోయిందని చెప్పింది.

"చెప్పు కరవడం ఎంతపని చేసింది," అన్నాను.

కోడలు నా వైపు చూసి, కాసేపు నెత్తళ్ళు సర్దింది. "సెప్పు కాదు టీచరమ్మా. మీకు సెప్పొద్దంది. ఇప్పుడింకేటిలే," అంది. "ఆ వానల్లో, గెడ్డ అవతల పైన ఊరున్నాది కదా, అక్కడో ముసిలాయనకి అత్త సుగర్ ఎక్కువున్నాదని సెప్పీసినాదంట. మీరు కేకలేసిన మర్నాడే అది తప్పని సెప్పడానికెల్లింది. గెడ్డ దాటతన్నప్పుడు సెప్పులు కొట్టుకుపోనాయి. కూడా ఉన్నోళ్ళు రేపెల్దామంటే ఆగనేదంట. మేజోళ్ళతోనే ఎక్కీసింది. రాయి గుచ్చుకున్నా తెల్నేదు, తిమ్మిరి కాలు కదా. ఎల్లేసరికి ఆయన అన్నం మానీసి మాత్రలు రెండేసి మింగి లెగలేకపోతన్నాడంట. గంజిలో బెల్లం కలిపి అత్తే పట్టించిందంట."

నేను గోనె అంచు మీద కూర్చున్నాను. "ఆయన ఇప్పుడు..."

"ఉన్నాడు. పొద్దున్నే వొచ్చి రొయ్యపప్పు కొన్నాడు. అదుగో," అని టీ కొట్టు వైపు చూపించింది. తలకి తువ్వాలు చుట్టుకున్న బక్క మనిషి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు.

సాయంత్రం ఫోన్లో మా అమ్మాయికి అంతా చెప్పాను. "నువ్వు అనకపోయినా అప్ప వెళ్ళేదమ్మా," అంది అది.

వెళ్ళేదే. నేను అంతలేసి మాటలు అనకపోయి ఉంటే చెప్పులు కొట్టుకుపోయిన చోట ఆగేది, కొత్తవి కొనుక్కుని మర్నాడు వెళ్ళేది. మర్నాటికి ఆ ముసలాయన ఉండేవాడు కాదు. ఆవిడ ఉండేది. నేను అన్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఏడ్చాను.